ఇంజను ధ్వని – యంత్రప్రియుల ఆవేదన

మోటారుకారును కేవలము ప్రయాణసాధనముగా గాక ప్రాణపదముగా నెంచువారు ప్రతి దేశమునందును గలరు. ఇంజను మ్రోతను విని దాని యారోగ్యమును చెప్పగలవారు, కార్బురేటరును విప్పి శుభ్రపరచుచు భోజనవేళను మరచువారు వీరు. పెట్రోలు తొలగి విద్యుచ్ఛక్తి వచ్చుచున్న యీ కాలమున వీరి మనస్సులు కలత చెందియున్నవి. ఇది ధనవంతుల వేడుక యని త్రోసివేయుట న్యాయము కాదు.

మార్పు వచ్చుచున్నదనుటలో సందేహము లేదు. నార్వే దేశమున 2024లో అమ్ముడుపోయిన క్రొత్త కార్లలో నూటికి 88కి పైగా విద్యుద్వాహనములే. 2035 నుండి క్రొత్త కార్లు బొగ్గుపులుసు వాయువును వెడలింపరాదని ఐరోపా సమాఖ్య 2023లో శాసించెను. కృత్రిమ ఇంధనముతో నడచు ఇంజనులకు చోటుండవలెనని జర్మనీ పట్టుపట్టెను. 2025 డిసెంబరులో సమాఖ్య కార్యవర్గమే కొంత సడలింపును ప్రతిపాదించెను. గడువు జరుగవచ్చును గాని దారి మరలునట్లు కన్పట్టదు. ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి పరదేశములనుండి తెచ్చుకొను మన దేశమునకు పెట్రోలుపై మమకారము మిక్కిలి ఖరీదైనది.

పెట్రోలునకును విద్యుత్తునకును పుట్టువైర మున్నదా? గంటకు 100 కిలోమీటర్ల వేగమును మొట్టమొదట దాటిన కారు విద్యుత్తుతో నడచినదే. 1899లో పారిసు సమీపమున కమీల్ జెనాట్సీ యను బెల్జియము దేశీయుడు దానిని నడిపెను. ఆ కాలమున పెట్రోలుకారును చేతితో పిడి త్రిప్పి నడిపింపవలసి యుండెను. పిడి ఎదురు తిరిగినచో చేయి విరుగుటయు గలదు. 1912లో కాడిలాక్ కార్లకు, చార్లెస్ కెట్టరింగు పూనికచే సిద్ధమైన విద్యుత్ స్టార్టరు అమరగా ఆ బాధ తీరెను. పెట్రోలు ఇంజను విజయమునకు విద్యుత్తే తోడ్పడెను!

అయినచో పోవుచున్న దేమి? ధ్వనియా? 2023లో వచ్చిన హ్యుందాయ్ అయోనిక్ 5 ఎన్ కారున, లేని గేర్లు మారినట్లును, లేని ఇంజను మ్రోగినట్లును భ్రమ గొల్పు ఏర్పాటు చేసిరి. ఆ ముచ్చట అట్లు తీరవచ్చును. మా యభిప్రాయమున అసలు నష్టము వేరు: విప్పి చూచి, తెలిసికొని, స్వహస్తముతో బాగుచేసికొను స్వాతంత్ర్యమునకే ముప్పు.

ఈ ముప్పు విద్యుత్తువలన వచ్చినది కాదు. మన పొలములలో ఆయిలింజనులకు మారుగా విద్యుత్ మోటార్లు వచ్చినపుడు మరమ్మతు విద్య నశించెనా? పట్టణములలో మోటారు వైండింగు దుకాణములు వెలసెను. కాలిన మోటారునకు క్రొత్త రాగితీగ చుట్టి రైతున కప్పగించుచున్నారు. ముప్పు మూసిపెట్టిన బ్యాటరీలోను, తయారీదారు తాళము వేసిన సాఫ్టువేరులోను గలదు. కారు బ్యాటరీలలో 400 వోల్టుల వరకు, కొన్నిట అంతకు మించియు, శక్తి యుండుటచే తెలియనివారు చేయిపెట్టుట ప్రాణాపాయమే. అందులకు మందు శిక్షణము గాని నిషేధము గాదు.

కావున యంత్రప్రియులకు రెండు కర్తవ్యములు గలవు. పాతవానిని కాపాడుట మొదటిది. 50 ఏండ్లు దాటి మూలరూపము చెడని వాహనములను ప్రత్యేకముగ రిజిష్టరు చేయుటకు కేంద్రప్రభుత్వము 2021లో నియమములు చేసెను. ఆ వసతిని వినియోగించుకొనవలయును. విద్యుద్వాహనముల విడిభాగములు, మరమ్మతు గ్రంథములు, లోపములను కనుగొను సాధనములు ఊరి మెకానిక్కునకును అందవలెనని గట్టిగా కోరుట రెండవది. ఈ కోరికను వెలిబుచ్చుటకు యంత్రము నెరిగినవారికంటె అర్హులెవరు? వీరు పెట్రోలుకై దుఃఖించుచు కూర్చున్నచో, ఆ తాళములు శాశ్వతముగా పడును.