అంబాసిడర్‌లో ఎంపీఎఫ్ఐ: పనంతా వైర్లలోనే

2020 ఏప్రిల్ తర్వాత వనపర్తి జిల్లా వీపనగండ్లకు వచ్చిన కొత్త బైకుల్లో దాదాపు వేటికీ పాత కార్బొరేటర్ లేదు. చోక్ లాగడం, జెట్ ఊదడం, ఎయిర్ స్క్రూ తిప్పుతూ చెవితో ట్యూనింగ్ పట్టడం వచ్చిన మెకానిక్‌లు భారత్ స్టేజ్-6 పొగ నిబంధనల దెబ్బకు స్కానర్ పట్టుకోవాల్సి వచ్చింది. బైకుకే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె) వచ్చినప్పుడు, షెడ్డు వెనక టార్పాలిన్ కింద పడున్న అంబాసిడర్‌కు మాత్రం ఎందుకు పెట్టకూడదు? ఈ ఆలోచన ఎవరికో ఒకరికి రాక మానదు. నిక్షేపంగా పెట్టొచ్చు. ఆ మాటకొస్తే కంపెనీయే పెట్టి అమ్మింది కూడా.

అంబాసిడర్ పుట్టుకే అరువు మీద. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3గా తిరిగిన కారును, 1942లో మొదలైన బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా పక్కన ఉత్తరపారాలో తయారు చేసి, 1950ల చివర ‘అంబాసిడర్’ పేరుతో రోడ్డెక్కించింది. కొద్దికాలానికే 1,489 సీసీ పెట్రోల్ ఇంజన్ దానికి స్థిరపడింది. మార్క్-2, మార్క్-3, మార్క్-4 అంటూ ముందరి జాలీ, లైట్లు మారాయి గాని బానెట్ కింద పెద్దగా మారిందేమీ లేదు. 1980 ప్రాంతంలో డీజిల్ వచ్చింది. అదీ ఆ కుటుంబపు ఇంజనే. అప్పట్లో మన వైపు కలెక్టరు కారు అదే, పెండ్లి కారు అదే, హైదరాబాదు ఆసుపత్రికి రోగిని తీసుకెళ్లే టాక్సీ కూడా అదే.

మారుతి వచ్చాక ఆ ఇంజన్ వయసు బయటపడింది. 1990ల మొదట్లో కంపెనీ జపాను ఇసుజు 1,817 సీసీ ఇంజన్‌ను, అయిదు గేర్ల డబ్బాతో సహా పాత బాడీలో దింపి ‘1800 ఐఎస్‌జడ్’ అంది. 75 హార్స్‌పవర్. అప్పటిదాకా ఎద్దులా నడిచిన బండి ఒక్కసారిగా లారీలను దాటడం మొదలుపెట్టింది. (ఆ వేగానికి తగ్గ బ్రేకులున్నాయా అన్నది వేరే కథ.) ప్రీమియర్ కంపెనీ అంతకుముందే ఈ దారి పట్టింది. 1985లో ఫియట్ 124 బాడీలో నిస్సాన్ ఇంజన్ వేసి 118 ఎన్ఈ అని అమ్మింది. కాబట్టి పాత బండిలో పరాయి ఇంజన్ వేయడం ఎవడో పిచ్చి మెకానిక్ కనిపెట్టిన విద్య కాదు. మన కార్ల పరిశ్రమ చాలాకాలం దాని మీదే బతికింది.

అయితే ఈ మార్పిళ్లు రెండు రకాలు. తొలి ఇసుజు కార్బొరేటర్ ఇంజన్. అలాంటి ఇంజన్ నడవడానికి కాయిల్‌కు పోయే ఒక్క కరెంటు వైరు చాలు. పెట్రోల్ పంపును ఇంజనే తిప్పుకుంటుంది. ఎప్పుడు నిప్పురవ్వ పడాలో డెల్కో (డిస్ట్రిబ్యూటర్) చూసుకుంటుంది. ఎంత పెట్రోల్ కావాలో లోపలికి పీల్చుకునే గాలే తేలుస్తుంది. మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్టు, రేడియేటర్ కుదిరితే పని అయినట్టే. తర్వాత పొగ నిబంధనలు బిగిసి, అదే ఇసుజుకు కార్బొరేటర్ తీసి ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కూ విడిగా పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్) పెట్టాల్సి వచ్చినప్పుడు అసలు కష్టం మొదలైంది. బోల్టులన్నీ పాతవే. పెరిగినవి వైర్లు.

ఎంపీఎఫ్ఐ వంశం పాతదే. 1967లో జర్మనీలోని బాష్ కంపెనీ తన డి-జెట్రానిక్‌ను ఫోక్స్‌వాగన్ 1600కు బిగించింది. అమెరికా పొగ నిబంధనలే దానికి గిరాకీ తెచ్చాయి. 1976లో వోల్వో కార్లకు లాంబ్డా సెన్సర్ వచ్చింది. సైలెన్సర్ గొట్టంలో కూర్చుని, కాలిన వాయువులో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్పే పరికరం అది. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్క తప్పిందో లేదో లాంబ్డా క్షణక్షణం చెబుతుంది, ఈసీయూ సరిచేస్తుంది. 1979లో బీఎండబ్ల్యూలో వచ్చిన మోట్రానిక్ పెట్రోల్‌నూ నిప్పురవ్వనూ ఒకే పెట్టె చేతిలో పెట్టింది. మనకు ఈ గాలి సుప్రీంకోర్టు మీదుగా వీచింది. 1999లో ఇచ్చిన ఆదేశాలతో ఢిల్లీలో యూరో ప్రమాణాలు ముందుకు జరిగాయి, ఆ తర్వాత కార్బొరేటర్ కారు అమ్మడం ఏ కంపెనీకైనా గండమే అయింది.

తాళం తిప్పగానే ఏం జరుగుతుందో చూద్దాం. ఈసీయూ ముందు మెయిన్ రిలేను, తర్వాత పంపు రిలేను లాగుతుంది. ట్యాంకులో ఉన్న పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమని, పైపులో సుమారు 3 బార్ల ఒత్తిడి నింపి ఆగుతుంది. సెల్ఫ్ కొట్టగానే క్రాంకుకు ఉన్న పళ్ల చక్రం సెన్సర్ ముందు తిరుగుతుంది. చాలా ఇంజన్లలో దాని మీద 60 పళ్లకు చోటుంటుంది, 58 పళ్లే ఉంటాయి. ఆ రెండు పళ్ల ఖాళీయే గుర్తు. అది దాటిన దగ్గర్నుంచి పల్లుకు 6 డిగ్రీల చొప్పున లెక్కపెట్టుకుంటూ పిస్టన్ ఎక్కడుందో ఈసీయూ కనిపెడుతుంది. ఐడ్లింగులో, అంటే 800 ఆర్‌పీఎం దగ్గర, క్రాంకు ఒక చుట్టు తిరగడానికి సెకనులో వెయ్యో వంతులు 75 పడతాయి. అందులో ఇంజెక్టర్ తెరుచుకునేది రెండు మూడు వంతులే. ఆ రెండు మూడు వంతుల్లో అర వంతు తేడా వచ్చినా ప్లగ్గు నల్లబడుతుంది, లేదా బండి కొట్టుకుంటుంది.

ఇలాంటి ఇంజన్‌ను తెచ్చి తొలినాటి అంబాసిడర్‌లో దింపారనుకోండి. ఆ కారు వైరింగులో ఫ్యూజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డైనమో ఇచ్చేది 20 ఆంపియర్ల చుట్టుపక్కల, ఐడ్లింగులో అదీ ఉండదు. కొత్త పంపు, ఫ్యాను, ఇంజెక్టర్లు, హెడ్‌లైట్లు కలిస్తే అది చేతులెత్తేస్తుంది. అందుకే ఆల్టర్నేటర్ తప్పదు. దానికంటే ముందు బ్యాటరీ చూడాలి. ఆ కాలపు బ్రిటిష్ కార్లు చాలావాటిలో పాజిటివ్ కొనను బాడీకి కలిపేవారు. ఇప్పటి ఈసీయూకు నెగెటివే ఎర్త్. ఇది చూసుకోకుండా కలిపితే ఈసీయూ అక్కడికక్కడే పోతుంది.

ఇగ్నిషన్ స్విచ్ దగ్గర ఇంకో చిక్కు. పాత స్విచ్‌లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు కొన్ని వైర్లకు కరెంటు ఆగిపోతుంది, కరెంటంతా స్టార్టరుకే. ఈసీయూకు అలాంటి వైరు ఇచ్చారా, ఇంజన్ ఎంత తిప్పినా అంటుకోదు. చిత్రంగా, తాళం వదిలిన క్షణంలో ఒక్కసారి దగ్గుతుంది. ఆ దగ్గు వింటే తెలిసినవాడు ఇంజన్ జోలికి పోడు, మల్టీమీటర్ తీస్తాడు. ఈసీయూకు కావాల్సినవి రెండు: తాళం తీసినా ఆగని కరెంటు ఒకటి, తాళం తిప్పినప్పుడు వచ్చి సెల్ఫ్ కొడుతున్నా ఆగనిది ఇంకొకటి.

ఎర్త్‌ను మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. ఇంజన్ వేడి చెప్పే సెన్సర్ నిజానికి ఒక రెసిస్టరు. బాష్ రకానిదైతే 20 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర వేల ఓములు, 80 డిగ్రీల దగ్గర మూడు వందల పైచిలుకు. వేడెక్కేకొద్దీ ఓములు తగ్గుతాయి, ఈసీయూకు కనిపించే వోల్టేజీ తగ్గుతుంది. ఈ సెన్సర్ ఎర్త్ వైరు నేరుగా ఈసీయూకే పోవాలి. దూరమని బద్ధకించి దగ్గర్లోని బాడీ బోల్టుకు బిగిస్తే, యాభై ఏండ్ల తుప్పు మీద కూర్చుంటుంది. హెడ్‌లైట్లు, ఫ్యాను పడ్డప్పుడు ఆ తుప్పు దగ్గర ఒక పావు వోల్టు పేరుకున్నా ఈసీయూకు ఇంజన్ ఉన్నదానికన్నా చల్లగా ఉన్నట్టు తోస్తుంది. మే నెల ఎండలో, రేడియేటర్ మరిగిపోతుంటే, పొద్దున చలికి పోసినట్టు పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోయింది, ప్లగ్గులు నల్లబడ్డాయి అని ప్లగ్గులు మార్చి, ఇంజెక్టర్లు కడిగి, చివరికి ఈసీయూ కూడా మార్చేస్తారు. తప్పంతా పది రూపాయల బోల్టుది.

పంపు వైరు మాత్రం సరదా కాదు, ప్రాణం మీదికి వచ్చే సంగతి. సవ్యంగా కట్టిన బండిలో పళ్ల చక్రం ఆగిందని తెలియగానే ఈసీయూ పంపు రిలేను వదిలేస్తుంది. బండి దేనికన్నా గుద్దుకుని ఇంజన్ ఆగితే పెట్రోల్ కూడా ఆగుతుంది. రిలే కుదరలేదని పంపుకు కరెంటు తాళం నుంచి నేరుగా ఇచ్చేసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. అలాంటి బండి పల్టీ కొట్టినా, తాళం తీసేదాకా పంపు 3 బార్లతో పెట్రోల్ చిమ్ముతూనే ఉంటుంది. పాత బండి రబ్బరు పైపు అందులో పదో వంతు ఒత్తిడికి చేసినది. పైపులు, క్లిప్పులు ఇంజెక్షన్‌కు పనికొచ్చేవే వేయాలి. ఇక్కడ పొదుపు చేసే మెకానిక్ దగ్గరికి బండి పంపొద్దు.

వైరింగు ఎవరు చేసినా నాదొకటే మాట. ఇంజన్ ఒక్కటే కొనకండి. దాని పూర్తి వైరింగు, ఈసీయూ, తాళంచెవి, ఇమ్మొబిలైజర్ పెట్టె, యాక్సిలరేటర్ ఎలక్ట్రానిక్‌దైతే పెడల్‌తో సహా ఒకే బండివి తీసుకోండి. చిప్ ఉన్న తాళంచెవి లేకపోతే కొత్త ఈసీయూలు ఇంజెక్టర్లను తెరవనివ్వవు. విప్పేటప్పుడు ప్రతి కనెక్టర్‌కూ చీటీ కట్టండి. ఆ మోడల్ సర్క్యూట్ డయాగ్రం దొరక్కపోతే ఆ ఇంజన్ వదిలేసి దొరికే ఇంజన్ చూసుకోవడం మేలు. వనపర్తి రాజాగారి ప్యాలెస్‌లో నడుస్తున్న పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివే పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు నాకు తోచడం లేదు. మెకానికల్, ఎలక్ట్రికల్ రెండూ ఒకే బానెట్ కింద దొరుకుతాయి.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్సు ప్యూజో కంపెనీకి 80 కోట్లకు అమ్మేశారు. కాబట్టి ఉన్న బండ్లే ఉంటాయి, కొత్తవి రావు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అరిగిపోయిన ఇంజన్‌కు బదులు అదే కంపెనీ, అదే రకం ఇంజన్ అయితే అనుమతితో వేసుకుని ఆర్‌సీలో రాయించుకోవచ్చు. వేరే ఇంజన్ వేస్తే పట్టుబడినప్పుడు మీదే బాధ్యత, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కూడా చిక్కుల్లో పడుతుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద 50 ఏండ్లు దాటిన బండికి ‘వీఏ’ నంబరు ప్లేటు తెచ్చుకోవచ్చు. దానికి అసలు షరతే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారకపోవడం. మీ షెడ్డులో ఉన్నది 1975కు ముందరి అంబాసిడర్ అయి, పాత ఇంజన్ ఇంకా తిరుగుతుంటే, దానికి ఎంపీఎఫ్ఐ పెట్టకండి. పాయింట్లు గీకి, కార్బొరేటర్ కడిగి, అలాగే నడపండి.