ధరా, మిగులూ ఒకే లెక్క: ధూల్‌పేట బజారు చెప్పే పాఠం



పంట పండించే విధానం గురించి మనం తరచుగా చెప్పుకొంటూనే వుంటాం. కాని పండిన సరుకు ఎంత తీసుకుపోవాలి, ఏ ధరకు ఇవ్వాలి, మిగిలితే ఏం చేయాలి అన్నవి మాత్రం బజారుకు పోయాక చూసుకొందాం లెమ్మని వదిలేస్తాం. ఈ మూడూ వేరువేరు ప్రశ్నలు కావు. మూడింటిదీ ఒకే లెక్క. ఆ లెక్క తెలియడానికి కాసేపు హైదరాబాదు పాతబస్తీలోని ధూల్‌పేటకు పోదాం రండి.

ధూల్‌పేట వినాయక విగ్రహాలకు, సంక్రాంతి పతంగులకు పేరుపడిన చోటు. అక్కడి పనివారు చవితికి నెలల ముందే విగ్రహాలు చేయడం మొదలుపెడతారు. ఎన్ని అమ్ముడవుతాయో అప్పటికి ఎవరికీ తెలియదు. తక్కువ చేస్తే బేరం చేజారుతుంది. ఎక్కువ చేస్తే పండుగ మర్నాడు అడిగేవాడుండడు. దసరా దాటిన బంతిపూల సంగతీ ఇంతే కదా!

ఉదాహరణకు ఒక మట్టి విగ్రహానికి 60 రూపాయలు ఖర్చయి, 100 రూపాయలకు అమ్ముడుపోతుందనుకోండి. అమ్మితే 40 లాభం. మిగిలితే దాన్ని నానబెట్టి మట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఆ విధంగా 20 దక్కిందనుకొంటే నష్టం 40. లాభం, నష్టం సమానం కనుక, ఇంకొక విగ్రహం అమ్ముడయ్యే అవకాశం సగానికి సగం వున్నంతవరకు చేయవచ్చు. అది తగ్గిన చోట ఆపవలెను. మిగిలినదానికి దమ్మిడీ రాదనుకోండి, అప్పుడు నష్టం 60. పదింట ఆరు పాళ్లయినా అమ్ముడవుతుందన్న నమ్మకం వుంటేనే చేయాలి. చూశారా! మిగులుకు విలువ వుంటే ధైర్యంగా ఎక్కువ చేయవచ్చు. విలువ లేకపోతే చేయి బిగబట్టుకోవాలి.

ఇంతవరకు ఒక్కడి లెక్క. బజారులో మనం ఒక్కరమే వుండం కదా. పక్కవాడు ఏం చేస్తాడో చూసి మనం, మనం ఏం చేస్తామో చూసి పక్కవాడు నడుచుకొంటాం. దీన్ని చదరంగం ఎత్తుల వలె లెక్కగట్టే శాస్త్రానికి ఆటల సిద్ధాంతం అని పేరు. వాన్ నాయ్‌మన్, మార్గెన్‌స్టెర్న్ అనే ఇద్దరు పండితులు 1944లో దీనిపై పెద్ద గ్రంథం ప్రకటించారు. పేరు పెద్దదే గాని, విషయం మన అనుభవంలోనిదే.

విగ్రహాలను మట్టితోనూ చేస్తారు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోనూ చేస్తారు. ప్లాస్టర్ తేలిక, అచ్చులో పోస్తే త్వరగా గట్టిపడుతుంది. మట్టి బరువు, వానాకాలంలో ఆరదు, బండిలో పగుళ్లు పడుతుంది. ఇద్దరు పనివారున్నారనుకొందాం. ఇద్దరూ మట్టితో చేస్తే చెరి 10 వేలు మిగులుతుంది. ఒకడు ప్లాస్టర్‌కు పోతే వాడికి 12 వేలు, మట్టివాడికి 4 వేలే. ఇద్దరూ ప్లాస్టరే పోస్తే ధర పడిపోయి చెరి 7 వేలు. ఇవి లెక్క కోసం వేసిన అంకెలు. ఇప్పుడు ఒక్కొక్కడు ఏమనుకొంటాడు? "అవతలివాడు మట్టి పట్టినా, ప్లాస్టర్ పట్టినా నాకు ప్లాస్టరే లాభం" అనుకొంటాడు. ఇద్దరూ అట్లాగే అనుకొని, పదికి బదులు ఏడుతో ఇంటికి పోతారు. ఇందులో ఎవరి బుద్ధీ చెడ్డది కాదు. ఆటే అట్లాంటిది.

పైగా ఆ నష్టం ఇద్దరితో పోదు, చెరువుకూ తగులుతుంది. ప్లాస్టర్ అంటే వేడిచేసిన జిప్సం. తడి తగిలితే తిరిగి జిప్సమై గట్టిపడుతుంది. వేరుశనగకు మీరు వేసే జిప్సమే ఇది. లీటరు నీటిలో రెండు గ్రాములకు కాస్త ఎక్కువ మాత్రమే కరుగుతుంది. అందుచేత విగ్రహాలు నీటి అడుగున చాలాకాలం పడివుంటాయి. రంగుల్లో సీసం వంటి లోహాలుంటే అవీ నీటిలో చేరతాయి. ఆ చెత్త తీసే ఖర్చు విగ్రహం ధరలో ఎక్కడా కనబడదు.

మరి ఆట మార్చడమెట్లా? ప్లాస్టర్ విగ్రహానికి చెత్త రుసుము పెట్టామనుకోండి. మన లెక్కలో ఒక్కొక్కరికి వెయ్యి వేస్తే డబ్బు వసూలవుతుంది గాని, ఎవరూ మట్టికి మారరు. మూడు వేలు దాటితేనే మట్టి లాభసాటి అవుతుంది. రుసుము చాలినంత వుండాలి, ముందుగా తెలియాలి.

ఈ రెండో మాట ముఖ్యమైనది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే నెలలో ప్లాస్టర్ విగ్రహాలు కూడదని మార్గదర్శకాలిచ్చింది. 2021 సెప్టెంబరులో, సరిగ్గా చవితి ముంగిట, హుస్సేన్ సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాల నిమజ్జనం చేయరాదని తెలంగాణ హైకోర్టు ఉత్తర్వు చేసింది. అప్పటికే విగ్రహాలు తయారై వున్నాయి. చివరకు సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏటికి అనుమతించింది. అచ్చులో పోత పోశాక వచ్చిన నిబంధన పోతను మార్చలేదు. పనివాడి అప్పు అప్పటికే సరుకులో వుంటుంది. విత్తనం పడ్డాక "ఈ పంట వద్దు" అంటే మీకెట్లా వుంటుంది? ఇదీ అంతే.

మిగులును సొమ్ము చేసే దారి కూడా వుంది. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల చూపిన పద్ధతిలో ప్లాస్టర్ విగ్రహాన్ని అమ్మోనియం బైకార్బనేట్ కలిపిన నీటిలో వుంచితే అది విడిపోయి, అమ్మోనియం సల్ఫేట్, సున్నపు పదార్థం ఏర్పడతాయి. అమ్మోనియం సల్ఫేట్ మీరెరిగిన ఎరువే. మన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో కుళ్లిన కూరగాయలతో గ్యాసు, కరెంటు తయారు చేస్తున్న సంగతీ మీలో కొందరు వినే వుంటారు.

ఇప్పుడు మీ బంతితోటకు వద్దాం. పూలు పూసే వున్నాయి. నారుకు, ఎరువుకు పెట్టినది ఎట్లాగూ తిరిగి రాదు, దాన్ని ఈ లెక్కలో కలపకండి. కోత కూలి, గోనె, బండి కిరాయి కలిపి కిలోకు 15 రూపాయలు, ధర 40 అనుకోండి. ఎనిమిదింట మూడు పాళ్లకన్న ఎక్కువ అమ్ముడయ్యే ఆశ వుంటేనే ఆ చివరి గంప కోయండి. మిగిలిన పూలను అగరుబత్తీలవారు కిలో 5 రూపాయలకు తీసుకొంటామంటే, ఏడింట రెండు పాళ్ల ఆశ వున్నా చాలు.

టమాటా విషయంలో ఆట మరీ స్పష్టం. కిందటి ఏడు ధర బాగుందని ఊరంతా ఒకే వారంలో నాటితే, ఊరంతా ఒకే వారంలో పారబోస్తుంది. "నేనొక్కణ్ణి తగ్గిస్తే ఏం లాభం?" అని ప్రతివాడూ అంటాడు. ఒక్కడుగా చూస్తే అతని మాట నిజమే. అందుకే నాటకముందే పదిమంది కూర్చుని, ఎవరు ఏ వారం నాటాలో రాసుకోవలెను. మాట తప్పినవారు సంఘానికి ఎంత కట్టాలో కూడా అప్పుడే తేల్చుకోవలెను. తప్పితే వచ్చే లాభం కన్న ఆ సొమ్ము ఎక్కువగా వుండాలి సుమా!

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. గ్రామసభలో ధర ఒక్కటే చెప్పి ఊరుకోకండి. మిగిలితే ఎంత దక్కుతుంది? పక్కవాళ్లు ఏం నాటుతున్నారు? ఒప్పందం ఎప్పుడు చేసుకోవాలి? ఈ మూడూ నారు పోయకముందే రైతుల చేత పలకమీద రాయించండి. బజారులో పడే బేరం అక్కడే సగం తేలిపోతుంది.