ట్రాక్టరు వెనుక ట్రక్కు ఊగకుండుటెట్లు?

రెండెడ్ల బండికి బరువు ఎత్తుట మన రైతులకు ఒకరు నేర్పవలసిన పని కాదు. వెనుక బరువెక్కువైనచో కాడి పైకి లేచి పట్టెడ ఎద్దుల గొంతును బిగించును. ముందెక్కువైనచో వాని మెడలు పుండ్లగును. కావున బండివాడు నొగను చేతితో ఎత్తి చూచి బస్తాలను సరిదిద్దుకొనును. ఆ రైతే ట్రాక్టరునకు ట్రక్కును తగిలించునపుడు ఈ విద్యను మరచుచున్నాడు. ఎద్దు బాధ కంటికి కనబడును గాని యినుప కొక్కెము బాధ కనబడదు గదా!

రెండు చక్రముల ట్రక్కు బండివంటిదే. ఇరుసునకు వెనుక బరువు హెచ్చినచో నొగ కొక్కెమును పైకెత్తును. ట్రాక్టరు పెద్దచక్రములకు నేలపట్టు తగ్గును. అట్టి ట్రక్కు గుంటలో పడినను, ప్రక్కగా పోవు లారీ గాలి తగిలినను తోక ఒకవైపునకు విసరును. మెల్లగా పోవునపుడు ఆ ఊపు తనంతట అణగును. వేగము ఒక మేర మించినచో విసురు విసురునకు పెరిగి, తుదకు ట్రాక్టరునే అడ్డముగ త్రిప్పివేయును. కాలువగట్టు మీద ఇట్లు జరిగినచో ఇక చెప్పనేల?

అమెరికాలో విహారమునకై కార్ల వెనుక ఇండ్లవంటి బండ్లను లాగుకొనిపోవువారు, ఆ బండి మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కొక్కెము మీద నుండునట్లు చూచుకొందురు. 75 కిలోల ధాన్యపు బస్తాలు 40 వేసినచో 3 టన్నులు. ట్రక్కుతో కూడ 4 టన్నులనుకొన్నను, ఆ లెక్కన కొక్కెము మీద 400 కిలోలకు తగ్గరాదు. దీనికి తూనిక అక్కరలేదు. ఇరుసునకు ముందువైపున కొన్ని బస్తాలు ఎక్కువగ నుండునట్లు పేర్చిన చాలును. అట్లని అన్నియు ముందే వేసినచో ట్రాక్టరు ముందుచక్రములు తేలికపడి స్టీరింగు మాట వినదు. మా యెరుకలో సగము బరువు వేసినప్పుడే జాగ్రత్త ఎక్కువ కావలెను. ఏలయన, దించుట సులువని బస్తాలన్నిటిని వెనుక తలుపుకడనే పడవేయుదురు. యజమాని దగ్గరుండి చూచుకొనవలెను.

ఊపు మొదలైనచో వేగము పెంచి దానిని సరిచేయుదమనుట వట్టి భ్రమ. యాక్సిలరేటరును మెల్లగా వదలి, స్టీరింగును తిన్నగా పట్టుకొని, వేగము తనంతట తగ్గనీయవలెను. బ్రేకును ఒక్కసారిగా త్రొక్కినచో, బ్రేకులు లేని ట్రక్కు వెనుకనుండి త్రోసి ట్రాక్టరును మడిచివేయును.

బ్రేకు పెడళ్లు రెంటిని కలుపు గడియను రోడ్డెక్కకముందే వేయవలెను. దమ్ములో విడదీసినదానిని అట్లే మరచువారు పెక్కురు. ఒక్క పెడలే త్రొక్కబడినచో ట్రాక్టరు ఆ వైపునకు గిరుక్కున తిరుగును. డీజిలు మిగులునని పల్లమున న్యూట్రలులో వదలువారిని కూడ మేము చూచుచున్నాము. మిగులునది గరిటెడు. దిగుడు మొదలు కాకముందే చిన్న గేరు వేసికొని, క్లచ్చి త్రొక్కక, ఆ గేరులోనే క్రిందివరకు దిగవలెను.