న్యూటు వృషణములో రెండువందల గంటలు

శుక్రకణము విభజన చెందునా? తరగతిలో ఈ ప్రశ్న వచ్చినపుడు తొందరపడి ‘అవును’ అనరాదు. తోకతో ఈదు శుక్రకణము ఇక విభజన చెందదు, తన డి. ఎన్. ఏ.కు నకలు తీయదు కూడ. ఆ పనులన్నియు అంతకుముందే, వృషణములోని మాతృకణములలో ముగిసిపోవును. మొదట డి. ఎన్. ఏ. ఒక్కసారి రెట్టింపగును. ఆపైన కణము వరుసగా రెండుమార్లు చీలును. ఒక నకలు, రెండు చీలికలు. కనుకనే నాలుగు కణములు, ఒక్కొక్కదానిలో సగము క్రోమోసోములు.

ఈ నకలుకు ఎంతకాలము పట్టును? 1968లో కాలన్, టేలర్ అను శాస్త్రజ్ఞులు న్యూటును తీసికొని దీనిని కొలిచిరి. న్యూటు బల్లివలె తోకగల ఉభయచరము. తెలుగుదేశపు చెరువులలో కప్పలే కాని ఇది కానరాదు. థైమిడీను అను పదార్థము డి. ఎన్. ఏ. నిర్మాణమునకే పనికివచ్చును. దానికి రేడియోధార్మికత గల హైడ్రోజను, అనగా ట్రీషియము, చేర్చి జంతువున కిచ్చినచో, ఆ సమయమున నకలు తీయుచున్న కణములే దానిని గ్రహించును. ఆ కణములపై ఫొటో ఫిలిముపై నుండు పూత పూసి చీకటిలో ఉంచగా నల్లని చుక్కలు పడును. రోజులు గడచిన కొలది చుక్కలున్న కణములు ఏ దశకు చేరినవో చూచిన కాలము తేలును.

తేలిన కాలము ఆశ్చర్యకరము. 18 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 200 గంటలు! అదే న్యూటు పిండము తొలి దశలో ఒక గంటలోనే ఆ పని ముగించును. న్యూటు డి. ఎన్. ఏ. మానవుని దానికి ఏడెనిమిది రెట్లున్న మాట నిజమే. కాని పిండకణములోనిదీ ఆ డి. ఎన్. ఏ.యే కదా! కాలన్ 1972లో దీనికి సమాధానము చూపెను. పెద్ద తాళపత్రగ్రంథమును వందమంది లేఖకులు పంచుకొని వ్రాసిన ఒక పూటలో ముగియును. నలుగురే కూర్చున్నచో ఇరువదియైదు పూటలు పట్టును. లేఖకుని చేతివేగము మాత్రము ఒకటే. అట్లే, నకలు మొదలగు చోటులు పిండకణములో దగ్గర దగ్గరగా ఉండగా, వృషణకణములో దూరదూరముగా ఉండును.

మరి శుక్రకణము అండములో ప్రవేశించిన పిమ్మట? ఆఫ్రికా గోళ్ల కప్ప అండము ఫలదీకరణమైన గంటన్నరకు మొదటిసారి చీలును. ఆపైన అరగంటకొకమారు చీలుచు, పండ్రెండు విభజనలకు సుమారు 4,000 కణములగును. పిదప వేగము తగ్గును. అనగా గడియారము శుక్రకణములో లేదు, అండద్రవ్యములో ఉన్నది. 1986లో బ్లో, లాస్కీలు ఈ కప్ప అండసారములో శుక్రకేంద్రకములను వేసి చూడగా, గాజునాళికలోనే నకలు తయారైనది. అంతేకాదు, ఒక్కొక్క కేంద్రకము ఒక్కమారే నకలు తీసికొని ఆగినది. కణవిభజన దశ గడచిన తరువాతనే దానికి మరల అనుమతి లభించును.