బలహీనమైన కాలికీ హక్కుంది

ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. జబ్బు చేసినప్పుడు మందు వేసుకోవడంతోనే దాని బాధ్యత తీరిపోదు. మన శరీరానికి మనపై హక్కు ఉందని దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ సహచరునికి బోధించారు. ఆ హక్కు ఆటస్థలంలోనూ వర్తిస్తుంది.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో కృత్రిమ పచ్చిక పరచిన టర్ఫ్ మైదానాలు నేడు ఎన్నో వెలిశాయి. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్న మన యువకులు శని, ఆదివారాల్లో అక్కడ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఇది సంతోషించదగిన పరిణామమే. అయితే ఐదు రోజులు కుర్చీకి అలవాటుపడిన కాళ్ళను ఆరో రోజున ఒక్కసారిగా పరుగెత్తించి, మలుపులు తిప్పితే మోకాలి లిగమెంట్లు, తొడ వెనుక కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఫుట్‌బాల్ రెండు కాళ్ళకూ ఒకే పని చెప్పదు. కుడికాలితో ఆడేవారిలో కుడికాలు బంతిని తంతే, ఎడమకాలు శరీర భారాన్ని మోస్తుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగితే రెండు కాళ్ళ బలంలో తేడా ఏర్పడవచ్చు. కొద్దిపాటి తేడా సహజమే. కాని పాత గాయం పూర్తిగా మానకముందే ఆడేవారిలో ఆ తేడా పెరిగి, మరో గాయానికి దారితీయవచ్చు.

బలం ఒక్కటే చాలదు, కదలిక తీరు కూడా సరిగా ఉండాలి. దీన్ని ఇంట్లోనే గమనించవచ్చు. అద్దం ముందు ఒంటికాలిపై నిలిచి మోకాలిని నెమ్మదిగా వంచాలి. మోకాలు లోపలికి వాలుతోందా? నడుము ఒక పక్కకు ఒరుగుతోందా? రెండు కాళ్ళతోనూ చేసి పోల్చుకోవాలి. ఆపై ఒంటికాలితో ముందుకు గెంతి, అదే కాలిపై తూలకుండా నిలబడి, దూరం కొలవాలి. కుడికాలితో 120 సెంటీమీటర్లు, ఎడమకాలితో 100 సెంటీమీటర్లు వస్తే, ఎడమకాలు కుడికాలిలో 83 శాతమే అన్నమాట. 90 శాతానికి తగ్గితే ఫిజియోథెరపిస్టును సంప్రదించడం మేలు. నొప్పి, వాపు ఉన్నవారు ఈ గెంతు ప్రయత్నించరాదు. ఇది కేవలం ఒక సూచన. గాయం తప్పక అవుతుందనో, కాదనో ఇది చెప్పలేదు.

ఈ విషయంలో మన నగరానికి గొప్ప వారసత్వమే ఉంది. హైదరాబాద్‌కు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు గెలిచింది; 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆటగాళ్ళు బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను కూడా ఆయన నిర్వహించేవారు. బలమైన కాలిని మెచ్చుకుంటూ ఊరుకోక, వెనుకబడిన కాలికి పని కల్పించడమే ఆయన పద్ధతి.

నేటి క్రీడావైద్యం ఇందుకు సులభమైన మార్గం చూపుతోంది. ఫిఫా వైద్య నిపుణులు 2006లో ‘11 ప్లస్’ అనే సన్నాహక వ్యాయామాలను రూపొందించారు. మొత్తం 15 వ్యాయామాలు, సుమారు 20 నిమిషాలు. పరుగు, ఒంటికాలి సమతుల్యం, తొడ కండరాల బలం, గెంతి సరిగా దిగడం ఇందులో ఉంటాయి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ బాలికలపై జరిపి 2008లో ప్రచురించిన పరిశోధనలో, వీటిని పాటించిన జట్లలో గాయాలు సుమారు మూడో వంతు తక్కువగా నమోదయ్యాయి. మోకాలి ప్రధాన లిగమెంట్ తెగే ప్రమాదం అమ్మాయిలలో అధికం కనుక, ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి మరింత శ్రద్ధగా గమనించాలి.

పిల్లలను అకాడమీలో చేర్పించే తల్లిదండ్రులకు మేము చేసే మనవి ఒక్కటే. ఎన్ని గోల్స్ కొట్టావని అడిగే ముందు, ఆటకు ముందు వ్యాయామం చేశావా అని అడగండి. గంటసేపు టర్ఫ్ అద్దెకు తీసుకునే యువకులు అందులో మొదటి 20 నిమిషాలు కాళ్ళకు కేటాయించండి. నేడు ఆటలో పరుగెత్తే ఈ మోకాళ్ళే రేపు వృద్ధాప్యంలో రుకూలో, సజ్దాలో మనకు తోడుండాలి. అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యాన్ని, దానిని కాపాడుకునే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.