పవర్ బ్యాంకు పరదేశ ప్రయాణం

2010 సెప్టెంబరు 3న దుబాయి నుంచి లేచిన ఒక సరుకుల విమానంలో మంటలు పుట్టి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. ఆ సరుకుల్లో లిథియం బ్యాటరీలు ఉన్నాయి. మనం సంచిలో వేసుకు తిరిగే పవర్ బ్యాంకులో ఉండేదీ ఆ జాతిదే. అందుకే దాన్ని పైదేశాలకు పంపాలంటే ఇన్ని పరీక్షలు.

మొదటిది ఐక్యరాజ్యసమితి పరీక్షల గ్రంథంలోని 38.3 విభాగం. ఆకాశంలో ఉండే పల్చటి గాలి, 72 డిగ్రీల వేడి, మైనస్ 40 డిగ్రీల చలి, కుదుపు, దెబ్బ, షార్టు సర్క్యూటు, అతి చార్జింగు — ఇన్నిటికీ బ్యాటరీ తట్టుకోవాలి. 2016 ఏప్రిల్ నుంచి వీటిని విడి సరుకుగా ప్రయాణికుల విమానాల్లో ఎక్కించరు. సరుకుల విమానంలోనైనా సాధారణంగా చార్జి 30 శాతం మించరాదు. నిండుగా చార్జయినదానికి మంట జోరు ఎక్కువ గదా!

ఇదంతా దారి సంగతి. దిగినచోట ఆ దేశపు ముద్ర కావాలి. ఐరోపాలో సి.ఇ. గుర్తు, దానికి తయారీదారే పూచీ. జపానులో 2019 ఫిబ్రవరి నుంచి పి.ఎస్.ఇ., చైనాలో 2024 ఆగస్టు నుంచి 3సి తప్పనిసరి. ఒకచోటి ముద్ర మరోచోట చెల్లదు.

అసలు చిక్కు ఇక్కడుంది. పరీక్షకు మంచి సెల్లు పంపి, సరుకులో నాసిది పెడితే? బస్తా పైన మంచి గింజలు, అడుగున తాలు పోసినట్లే. అక్కడ ధర పోతుంది, ఇక్కడ ప్రాణం పోతుంది.

మన దేశంలోనూ బి.ఐ.ఎస్. నమోదు ఉండాలి. మిత్రులారా, ఈసారి కొనేటప్పుడు వెనక్కి తిప్పి ఆ నంబరు చూడండి.