పాట జారుతోందా? తప్పు చెవిది కాదేమో!

అటక మీది రికార్డ్ ప్లేయర్లు ఈమధ్య మళ్లీ ముందు గదిలోకి వస్తున్నాయి. దుమ్ము దులిపాం, ప్లేటు వేశాం, పాట వచ్చింది. కానీ ఎక్కడో ఏదో తేడా! గొంతు సాగినట్టు, వీణ తీగ జారినట్టు... మా ఇంట్లోనూ అదే జరిగింది.

మా అత్తగారు నలభై ఏళ్లు పిల్లలకు వీణ నేర్పారు. ఇప్పుడావిడకి డెబ్బై ఎనిమిది. పాట వింటూనే "శ్రుతి నిలవడం లేదమ్మాయ్, కిందికి జారుతోంది" అన్నారు. మాకెవరికీ తేడా తెలియలేదు. "వయసు కదమ్మా, చెవుల డాక్టరుకి చూపిద్దాం" అనేశారు మావారు. ఆవిడ మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి ప్లేయరు జోలికి రాలేదు. వీణ మీద కప్పిన గుడ్డ కూడా తీయలేదు. నా ప్రాణం ఉసూరుమంది. డాక్టరు సంగతి తర్వాత, ముందు మిషన్‌ని చూద్దామనుకున్నాను.

లెక్కపెడితే తెలుస్తుంది

ప్లేటు కింద, అంచు బయటికి కనిపించేలా పల్చటి కాగితం ముక్క పెట్టండి. అదెన్నిసార్లు తిరిగి వచ్చిందో గడియారం చూస్తూ లెక్కపెట్టండి. ఎల్పీ ప్లేటు నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి. అంటే మూడు నిమిషాలకు సరిగ్గా 100. 45 ప్లేటయితే నిమిషానికి 45 చుట్లు. పాట మోగుతుండగానే లెక్కించాలి సుమా! ముల్లు బరువు పడినప్పుడే మిషన్ నీరసం బయటపడుతుంది.

మాది మొదటిసారి 98 వచ్చింది, రెండోసారి 95. వందకి ఐదు తగ్గిందంటే పాట దాదాపు ఒక స్వరస్థానం దిగిపోయినట్టే. అత్తగారి చెవి నూటికి నూరుపాళ్లు నిజం!

జబ్బు ఎక్కడ?

* 1.8 సెకన్లకోసారి, అంటే చుట్టుకొకసారి పాట ఊగుతోందా? ప్లేటు వంగి ఉండొచ్చు, మధ్య రంధ్రం పక్కకి జరిగి ఉండొచ్చు. వేరే ప్లేటు వేసి చూడండి. ఊపు పోతే మిషన్ తప్పేం లేదు.

* మొదట మందంగా మొదలై, కాసేపటికి సర్దుకుంటోందా? ఇరుసులోనో మోటారులోనో పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది.

* ఏ ప్లేటు వేసినా ఒక పద్ధతి లేకుండా జారుతోందా? ముందుగా బెల్టుని అనుమానించండి.

* ఊపు లేదు, ఎప్పుడూ ఒకేలా మందంగా ఉందా? అమెరికా నుంచి ఎవరైనా తెచ్చారేమో చూడండి. అక్కడి కరెంటు 60 సైకిల్స్, మనది 50. సైకిల్స్‌ని బట్టి తిరిగే మోటారైతే, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వేగం ఆరో వంతు తగ్గిపోతుంది. పాట సుమారు మూడు స్వరస్థానాలు దిగుతుంది. దానికి 50 సైకిల్స్‌కి సరిపడే పుల్లీ వేయించాలి.

మాదేమో మూడో రకం. ప్లగ్గు పీకి, ప్లేటు కిందుండే పళ్లెం ఎత్తి చూస్తే బెల్టంతా జిడ్డు! "బాగా తిరుగుతుంది కదా వదినా" అని మా మరిది పోసిన నూనె. రబ్బరుకి నూనె తగిలితే పట్టు పోతుందని పాపం అతనికి తెలీదు. పుల్లీని, పళ్లెం అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అదే కొలత కొత్త బెల్టు వేశాం. నూనె కావాల్సింది మధ్య ఇరుసుకి మాత్రమే. అదీ ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, చలికాలంలో గడ్డకడుతుంది. బెల్టు మార్చినా వేగం కుదరకపోతే అప్పుడు మెకానిక్‌ని పిలవండి.

మళ్లీ లెక్కపెట్టాం. మూడు నిమిషాలకి వంద! అత్తగారు కళ్లు మూసుకుని ఒక పక్కంతా విన్నారు. "ఇప్పుడు నిలిచింది" అన్నారు. "పొరపాటు నాదేనమ్మా" అన్నారు మావారు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఆ సాయంత్రం వీణ మీద గుడ్డ తీశారు.

ఇంట్లో పెద్దవాళ్లు ఏదైనా తేడాగా ఉందంటే వెంటనే వయసు మీదికి తోసేయకండి. ఒక మూడు నిమిషాలు లెక్కపెట్టి చూడండి.